బావని తాకట్టు పెట్టి

మార్చి 3
దొరికింది. ఎర్రటి ఇటలీ బండి, సెకండ్ హ్యాండ్. కొత్తది కొనాలంటే ఇంకో రెండు జన్మలు లిఫ్టులు రిపేర్ చేయాలి నేను. ఫోటో చూసి అక్క, ఇది బండా మిడతా అంది. అమ్మేవాడు జిమ్ నడుపుతాడు. రేపు బావని తోడు తీసుకెళ్తున్నాను.

మార్చి 4, సాయంత్రం
జరిగింది జరిగినట్టు రాసేస్తాను.

జిమ్ వాడి పాత బండిని ఎవడో టెస్ట్ రైడ్ అని తీసుకెళ్లి అటే పోయాడట. అందుకని ఒక మనిషిని వదిలి వెళ్లాలన్నాడు. బావ నవ్వుతూ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నన్ను తాకట్టు పెట్టుకోండి. పోయినా మా ఆవిడేం వెతకదు" అన్నాడు. పెట్రోల్ బంకు దాకా వెళ్లి తిరిగి రావాలని మాట.

బంకు వచ్చింది. తిరగలేదు. సెకండ్ గేర్‌లో ముందు చక్రం గాల్లోకి లేచింది. వంతెన దాటాను. జేబులో ఫోన్ మోగుతోంది. తెలుస్తూనే ఉంది. ఇంకో మలుపు, ఇంకొక్కటే అనుకుంటూ పోయాను, వెధవని.

గంట దాటాక వెనక్కొచ్చేసరికి జిమ్ షట్టర్ సగం దించి ఉంది. బావ నేల మీద పడి ఉన్నాడు. మీవాడెక్కడ, మీవాడెక్కడ అని అడుగుతూ ఇనప రాడ్డుతో బావ మోకాలు పగలగొట్టాడు జిమ్ వాడు. నేను హెల్మెట్ తీసి వాడి మూతి మీద కొట్టాను. పళ్లు రాలాయి. ఇంకా కొట్టాను. చంపేసేవాణ్ణే. బావే పాకుతూ వచ్చి నా కాలు పట్టుకుని ఆపాడు.

మార్చి 6
ఆపరేషన్ అయింది. మోకాలు ఇక వంగదట, ఎక్కువసేపు నిలబడలేడట. బావది సెలూన్. రోజంతా నిలబడి చేసే పని. బండి మధ్యలో ఆగిపోయిందని అక్కకి చెప్పాను. నమ్మింది. బావ అటు తిరిగి పడుకున్నాడు.

ఏప్రిల్ 11
జిమ్ వాడు రాజీకి వచ్చాడు. వాడి పళ్లకీ మా మోకాలికీ చెల్లు, కేసులు వద్దు, బండి సగం ధరకే తీసుకోమన్నాడు. తీసుకున్నాను. సిగ్గు లేదు నాకు.

మే 2
సెలూన్ వేరేవాళ్లకి ఇచ్చేశారు.

మే 19
బావ చేతికర్రతో వచ్చాడు. ఆ రోజు ఎంత దూరం పోయావో చూపించు అన్నాడు. వంగని కాలు బారజాపి వెనక కూర్చున్నాడు.

బంకు దగ్గర స్లో చేశాను.

"ఇక్కడేనా ఆగిపోయింది?" అన్నాడు.

కాదన్నాను. వంతెన మీద మళ్లీ అడిగాడు. అసలు ఆగలేదు బావా, ఫోన్ మోగడం కూడా తెలుసు అన్నాను.

బావ పిడికిలితో నా వీపు మీద గుద్దాడు. మళ్లీ గుద్దాడు. ఏడుస్తూ గుద్దుతున్నాడు. బండి అటూ ఇటూ తూలుతోంది. నేను ఆపలేదు. ఆపితే కొట్టడం మానేస్తాడని.