బొట్టు పెట్టి పిలిచిన వైర్‌లెస్

చింతబోరి,
ఆషాఢం, ఇడువని ముసురు.

మన ఖాన్‌దాన్‌ల మొదటి పోలీసు చిరంజీవి ప్రణతికి, పెద్దబాపు జైపాల్‌రావు దీవించి రాస్తున్నది.

మన ఊర్ల ఫోన్ సిగ్నల్ లేదు గద, అందుకే బస్సు డ్రైవర్ సాంబయ్య చేతికి ఉత్తరమిస్తున్న. నువ్వు నిర్మల్ల పోలీసు వైర్‌లెస్ ఎస్సైవి అయినకాంచి, భైంసా దాక ఎవలు కనవడ్డా "మా తమ్ముని బిడ్డ" అని చెప్తున్న. అడగనోళ్లకు గుడ చెప్తున్న.

ఒక్కటే ఫికర్. నిరుడు వాగొచ్చిన్నాడు యాదవ్వను పాము కరిస్తె ఏమాయె? ఫైరోళ్ల పడవ పై రేవుకు పోయె, అంబులెన్సు కింది రేవుకు పోయె, ఫారెస్టోళ్ల జీపు నడుమ బురదల దిగవడె. అందరి చేతులల్ల వైర్‌లెస్ సెట్లున్నయి, ఒకల మాట ఒకలకు ఇనరాలే. ముసలమ్మ గట్టిది గనుక బతికింది. ఇప్పుడు ఆమె కోడలు రోజారాణికి శ్రావణంల నెలలు నిండుతయి. మొగడు సంపత్ దుబాయ్‌ల ఉన్నడు. "మీ బిడ్డ ఉన్నది గద, జర చూడుమను" అని యాదవ్వ భారం నా మీద ఏసింది. నేను నీ మీద ఏస్తున్న.

నీ పేరు చెప్పుకొని ఛాయ్ తాగుతున్న
పెద్దబాపు.

తా.క. నీ పేరు చెప్తె సాంబయ్య ముందల సీటిచ్చిండు. టికెట్ మాత్రం మాఫీ కాలే.

---

నిర్మల్.

పెద్దబాపుకు, పెద్దమ్మకు ప్రణతి నమస్కారాలు.

యాదవ్వకు ధైర్యం చెప్పండి. నాకు అప్పగించిన పనే అది. ఇన్నాళ్ళూ పోలీసు, ఫైరు, ఫారెస్టు, అంబులెన్సు ఎవరి ఛానెల్ వాళ్ళది. ఇప్పుడు అన్ని సెట్లలో ఒకే ఉమ్మడి ఛానెల్ పెట్టించాను. మీ ఊరి గుట్ట మీద వైర్‌లెస్ టవర్ కూడా వేశాం. మాట గంట కొట్టినట్టు వినిపిస్తుంది.

చిక్కల్లా ఏమిటంటే, ఆ ఛానెల్‌లో ఎవరూ మాట్లాడరు. పొద్దున్నే ఒకరినొకరు పిలుచుకుని చూసుకోవాలని నియమం పెట్టాను. గాలి హోరు తప్ప ఏమీ లేదు. వెళ్ళి అడిగాను. ఫైర్ ఆఫీసర్ వంశీధర్‌రావు, "ముందుగాల మేము పిలిస్తే మేము చిన్నోళ్లమైనట్టు గద మేడం. వాళ్లు పిలిస్తే పలుకుతం" అన్నాడు. ఫారెస్టు రేంజర్ అంబదాస్ కూడా అదే పాట. అంబులెన్స్ అనసూర్యమ్మ, "పిలవని పేరంటానికి మేమెందుకు పోతం" అంది. మా పోలీసుల సంగతి చెప్పనే అక్కర్లేదు.

అందుకని శ్రావణ శుక్రవారం మీ వాగు దగ్గర అందరికీ కలిపి ఒక డ్రిల్లు పెట్టాను. సర్క్యులర్ పంపాను. వస్తామని ఒక్కరూ అనలేదు. రోజారాణికి నొప్పులు వచ్చే వేళకు వీళ్ళు మాట్లాడుకోకపోతే నిరుటి కథే మళ్ళీ జరుగుతుంది. నాకు నిద్ర పట్టడం లేదు.

మీ
ప్రణతి.

తా.క. సర్క్యులర్ ముట్టినట్టు మాత్రం అందరూ ముత్యాల్లాంటి సంతకాలు చేశారు.

---

చింతబోరి.

తెలివి గల్ల బిడ్డ ప్రణతికి, తెలివి తక్కువ పని చేసినందుకు జర కోపంతోని పెద్దబాపు దీవెనలు.

తప్పు నీదే బిడ్డా. కాయితం పంపితె ఎవలొస్తరు? పెండ్లికార్డు తపాలల పంపితె మన తాన సొంత తమ్ముడు గుడ రాడు. గడప తొక్కాలె, బొట్టు పెట్టాలె, నోటితోని పిలవాలె. అప్పుడు రాకుంటె తప్పు వాళ్లది.

ఫికర్ జెయ్యకు. మీ పెద్దమ్మ జానకీబాయి కుంకుమభరిణె వట్టుకొని సాంబయ్య బస్సెక్కింది. ఫైర్ స్టేషన్, ఫారెస్టాఫీసు, అంబులెన్సు, మీ పోలీస్ స్టేషన్ అన్నీ తిరిగింది. పేరు పేరున బొట్టు పెట్టి, "శుక్రారం మా ఊర్ల మా ప్రణతి శుభకార్యం, తప్పక రావాలె" అన్నది. అందరు లేచి నిలవడి దండం పెట్టి వస్తమన్నరు. ఏం కార్యమని ఎవలు అడగలే, ఆమె చెప్పలే. పాపం, ఆమెకు డ్రిల్లనే మాట నోరు తిరగదు.

నీ పని అయిపోయిందనుకో.
పెద్దబాపు.

తా.క. ఫైరోళ్ల పడవకు, అంబులెన్సుకు గుడ బొట్టు పెట్టి పిలిచిందట. ఇంటిల్లిపాదిని పిలవాలె గద అంటుంది.

---

నిర్మల్.

పెద్దబాపుకు నమస్కారం. ఈసారి పొడి నమస్కారమే.

నా పరువు గోదాట్లో కలిసింది. శుక్రవారం నా పెళ్ళని జిల్లా అంతా అనుకుంటోంది. కాదంటే సిగ్గుపడుతున్నానంటున్నారు. మా డీఎస్పీ గారు "సెలవెందుకు పెట్టలేదమ్మా?" అని అడిగారు. ఫారెస్టువాళ్ళు టేకు పీటలు చేయిస్తున్నారట. వరుడు జమ్మికుంట పత్తి వ్యాపారి అని అనసూర్యమ్మ, గల్ఫ్ ఇంజినీరని అంబదాస్ పందెం వేసుకున్నారు. కరీంనగర్ నుంచి బాపు ఫోన్ చేసి, "నాకు చెప్పకుండనే పెండ్లి వెట్టుకున్నవా బిడ్డా?" అని ఏడ్చినంత పని చేశాడు.

పెద్దమ్మను మళ్ళీ బస్సెక్కించండి. ఇది పెళ్ళి కాదని గడప గడపకూ చెప్పి రమ్మనండి. డ్రిల్లు రద్దు చేశాను. శుక్రవారం నేను కంట్రోల్ రూం తలుపు వేసుకుని కూర్చుంటాను.

సిగ్గుతో
ప్రణతి.

తా.క. వంశీధర్‌రావు వచ్చి, "వరుడు ఏ డిపార్ట్‌మెంటు మేడం?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్ళిపోయాడు.

---

నిర్మల్, శనివారం.

పెద్దబాపుకు, పెద్దమ్మకు సాష్టాంగ నమస్కారాలు.

మీ ఉత్తరం రాలేదు, పెద్దమ్మ కూడా బస్సెక్కలేదు. నిన్న మీరు ఒడ్డున చూసిందే, కానీ నేను విన్నది చెప్పాలి. కంట్రోల్ రూంలో తల పట్టుకుని కూర్చున్నాను. ఉమ్మడి ఛానెల్ గొంతు విప్పింది. ఆ ఛానెల్ పుట్టాక మొదటి మాట ఇది: "ఫైర్ టు ఫారెస్ట్, పెండ్లి కాడికి తోవ ఎటు?"

ఫోన్లు పనిచేయవు కదా, ఇంకేం చేస్తారు. "చెక్‌పోస్టు దాటినంక కుడి చెయ్యి మీదికి రాండ్రి అన్నా" అని అంబదాస్. "భోజనాలు షురువైనయా?" అని అనసూర్యమ్మ. "మేము కింది రేవు కాడున్నం, పెండ్లికొడుకు రాలే" అని మా పోలీసులు. ఎవరు ముందు పిలిచారో, ఎవరు చిన్నవాళ్ళయ్యారో ఒక్కరికీ గుర్తు లేదు.

అంతలో అంబదాస్ గొంతు మారింది. "వాగు వస్తున్నది. పై రేవు మునిగింది. అందరు కింది రేవుకే రాండ్రి." వెంటనే ఊరి వైపు ఒడ్డున ఉన్న మా కానిస్టేబుల్, "యాదవ్వ ఉరికొచ్చింది, కోడలికి నొప్పులు" అన్నాడు. వంశీధర్‌రావు, "పడవ మా తాననే ఉన్నది, వస్తున్న" అన్నాడు. పెద్దమ్మ బొట్టు పెట్టి పిలిచిందని పడవను కూడా పెళ్ళికి తీసుకొచ్చారట. పట్టు అంగీలతో తెడ్డు వేశారట. ఇవతలి ఒడ్డున అనసూర్యమ్మ అంబులెన్సు తలుపు తెరిచి నిలబడి ఉంది. ఖానాపూర్ ఆసుపత్రిలో రోజారాణికి ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.

మైకు నా చేతిలోనే ఉంది. ఒక్క మాట చెప్పాల్సిన అవసరం రాలేదు. వాళ్ళకు వాళ్ళే మాట్లాడుకుంటుంటే నాకు ఏడుపు వచ్చింది పెద్దబాపూ. యూనిఫాం వేసుకున్న రోజు కూడా ఇంత గర్వపడలేదు.

మీ
ప్రణతి.

తా.క. మీ ఊరికి ఒక సెట్టు మంజూరైంది. పెద్దమ్మ పేరు మీద. రోజూ పొద్దున అందరినీ ఆమే పిలవాలి.

---

చింతబోరి.

బంగారు బిడ్డ ప్రణతికి పెద్దమ్మ జానకీబాయి మనసార దీవించి రాస్తున్నది. ఈసారి కలం మీ పెద్దబాపుకు ఇయ్యలే.

రోజు పొద్దుగాల సెట్టు వట్టుకొని "తిన్నరా?" అని అడుగుతున్న. నలుగురు పలుకుతుండ్రు. అంబదాస్ ఏం కూరనో గుడ చెప్తుండు. యాదవ్వ మనుమరాలికి నీ పేరే పెట్టిండ్రు. మీ పెద్దబాపు భైంసాల నీ ముచ్చట చెప్పుడు మల్ల కొత్తగ మొదలువెట్టిండు.

ఒక ముచ్చట చెప్త, ఆయనకు చెప్పకు. డ్రిల్లనే మాట నాకు మంచిగ నోరు తిరుగుతది. అది చెప్తె ఒక్కలు రారని నాకెరుకే. పెండ్లని నేను అన్లే. వాళ్లు అనుకుంటుంటె కాదని గుడ అన్లే. నన్ను మల్ల పొమ్మన్న నీ ఉత్తరం ముట్టింది, చీరెల కింద దాచిన. ముసురు చూసినంక పడవ రావాలె అనిపించింది బిడ్డా. రోజారాణి నడవలేక నడుస్తుంటె చూసుకుంట ఎట్ల ఊకుంట?

టేకు పీటలు, స్టీలు బిందెలు అందరు నా తాననే ఇడిసిపోయిండ్రు. వాపస్ తీసుకోమంటె తీసుకుంటలేరు.

నీ మేలు కోరే
పెద్దమ్మ.

తా.క. నిన్న పొద్దుగాల వంశీధర్ సెట్ల, "అమ్మా, మేడం పెండ్లి ఉత్తదే అంటుండ్రు, నిజమేనా?" అని అడిగిండు. "ఇది అందరు ఇనే ఛానెల్ కొడుకా, ఏమన్న ఉంటె మీ అవ్వను తోల్కొని ఇంటికొచ్చి అడుగు" అన్న. అంబదాస్, అనసూర్య, మీ పోలీసోళ్లు, ముగ్గురు ఒక్కతీర్గ "మేము గుడ వస్తం" అన్నరు. నీకు ఇష్టమో కాదో నాకు ఉత్తరంల రాయి. సెట్ల మాత్రం చెప్పకు.