బాతుల గది తాళం

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ గారికి,

ఇంట్లో చెబితే "రాసివ్వమ్మా, మీటింగ్‌లో పెడతాను" అన్నావు కాబట్టి రాసిస్తున్నాను.

చలికి చచ్చిపోతాయని కొలనులో బాతుల్ని పట్టించి, పాత జిమ్ గదిలో పెట్టి తాళం వేయించారు. మన నల్లగండ్ల చలి వాటినేం చేయదు. గాలాడని గదిలో, తడినేల మీద ఉంటేనే జబ్బు చేస్తుంది. నీళ్ళలో మునిగి, ఈకలకు నూనె పట్టించుకుంటేనే వాటికి వెచ్చదనం. పగలు కొలనులోకి వదలండి. రాత్రికి గట్టున ఎండుగడ్డి పరిచి, గాలికి అడ్డంగా తడిక కట్టించండి, చాలు.

మీటింగ్ ఆదివారమట. అప్పటిదాకా ఆగకు నాయనా, తాళం ఇవాళే తీయించు.

ఇంకొకటి. నాకు జలుబు చేస్తుందని నా వాకింగ్ బూట్లు అటక మీద పెట్టించావు కదా, అవి కూడా దింపు. ఆ కొలను చుట్టూ తిరిగితేనే నాకూ వెచ్చగా ఉంటుంది.

ఇట్లు,
నీ పక్క గదిలోంచి,
అమ్మ