మూడు గేట్ల బిళ్ళ

6 నవంబరు 2006, సోమవారం. గద్వాల.

ఉదయం 6:40

ఈ రోజు నుంచి నేను డిజైనర్‌ని!

నిన్నటిదాకా ఎవరినంటే, కంసాలి కురుమూర్తి చారి కూతురు శ్రీవాణిని. హైదరాబాదులో తొంభై రోజుల నగల డిజైన్ కోర్సు చేసి, సర్టిఫికెట్‌కి లామినేషన్ చేయించుకుని, ఇంటికొచ్చి నల్లపూసలు గుచ్చుతున్న మనిషిని. ఇక గుచ్చను.

మా దుకాణంలో డిజైన్ అంటే ఏమిటో ఇక్కడ రాసిపెడతాను, రాబోయే తరాలకు పనికొస్తుంది. ఒకామె వస్తుంది. పక్కింటామె గొలుసు అడిగి తెచ్చి బల్ల మీద పెడుతుంది. "అచ్చం గిట్లనే" అంటుంది. నాయిన పెట్టెలోంచి కంచు అచ్చు తీస్తాడు, దాని మీద బంగారు రేకు పరుస్తాడు, సుత్తితో టకటక కొడతాడు. అయిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఇంతే. సగం ఊరి మెడల్లో ఒకే మామిడిపిందె!

నా తీర్మానాలు, ఇరవై ఒక్క రోజులకు:

1. అచ్చు ముట్టను.
2. "అచ్చం గిట్లనే" అన్నవాళ్ళకు నమస్కారం పెట్టి కొత్తది చూపిస్తాను.
3. రోజుకో కొత్త బొమ్మ గీస్తాను.
4. ప్రేరణ చుట్టుపక్కల నుంచే. కోర్సులో మేడం చెప్పింది: "మీ నేలే మీ స్టైల్."

ఉదయం 9:15

నాయినకు చదివి వినిపించాను. ఊదుగొట్టం నోట్లో పెట్టుకునే మొత్తం విన్నాడు. తర్వాత తీశాడు.

"ఇర్వై ఒక్క దినాలు ఇస్త. నువ్వు గీసింది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఎవ్వరన్న మెచ్చి మెడల ఏస్కోవాలె. లేకుంటే వనపర్తి పో. మీ మామకు మనిషి గావాల్నంట."

వనపర్తిలో వెంకటన్న మామకు జిరాక్స్ సెంటర్ ఉంది. పొద్దంతా మూత ఎత్తడం, మూత దించడం. సొంత స్టైల్ కోసం తపస్సు చేసేదాన్ని తీసుకుపోయి జిరాక్స్ మెషిన్ ముందు కూర్చోబెడతారట! సరే అన్నాను. భయమా? నాకా?

7 నవంబరు, మంగళవారం

బొమ్మ: జొన్న కంకి కమ్మలు. ఒక్కో చెవికి నలభై గింజలు. అద్భుతం. కళ్ళు మూసుకుంటే పొలం కనిపిస్తుంది.

నాయిన అభిప్రాయం: "చెవి ఊడి చేతికొస్తది."

పెద్ద పెద్ద కళాకారులను కూడా మొదట్లో ఇంట్లోవాళ్ళు అర్థం చేసుకోరు.

8 నవంబరు, బుధవారం

ఉదయం 11:00. ప్రేరణ కోసం చీరల దుకాణానికి పోయాను. జరీ అంచు చూసి గీస్తూ నిలబడ్డాను. "ఏమన్న కొంటవా అమ్మా?" అని నాలుగుసార్లు అడిగారు. ఐదోసారి అడగకుండా ఫ్యాను ఆపేశారు.

సాయంత్రం 4:30. ఆర్డర్! నాకు! పేరు భీమమ్మ, ఊరు పెద్దమందడి. గద్వాలలో ఉన్న ఆడబిడ్డ ఇంటికి వచ్చి, పనిలో పనిగా కూతురి గొలుసుకు బిళ్ళ చేయించడానికి మా దుకాణం మెట్లెక్కింది. నేను ఊపిరి బిగబట్టి "ఎట్లాంటిది కావాలమ్మా?" అన్నాను.

"అందరి లెక్క వద్దు బిడ్డా. జర కొత్త మోడల్ చెయ్యి. సోమారం వస్త."

కొత్త మోడల్! ఆ మాట విన్నాక అన్నం సహించలేదు. అంటే రెండోసారి వడ్డించుకోలేదు.

9 నవంబరు, గురువారం

జూరాల డ్యామ్‌కు పోయి వచ్చాం, నేనూ ఫరా. ఫరాది మా పక్క గాజుల దుకాణం. నా ప్రేరణకు తోడు రమ్మంటే మిరపకాయ బజ్జీలు ఇప్పిస్తేనే వస్తానంది.

గేట్లన్నీ మూసి ఉన్నాయి. నీటిచుక్క లేదు. మూసిన గేట్ల నుంచి ప్రేరణ ఎట్లా వస్తుంది? కాపలా ఆయన్ని అడిగాను, ఒక్క మూడు గేట్లు, ఐదు నిమిషాలు తెరవడానికి వీలవుతుందా అని. ఆయన మమ్మల్ని బజ్జీల బండి దాకా సాగనంపాడు.

సాయంత్రం 5:20. కానీ వచ్చింది! బజ్జీ నోట్లో ఉండగా వచ్చింది! మూడు గేట్లు తెరిచినట్టు ఊహించుకున్నాను. అటూ ఇటూ తెల్లటి నురగతో రెండు ధారలు. నడుమ ధార మీద అస్తమించే సూర్యుడు పడి ఎర్రగా. అడుగున నీళ్ళన్నీ కలిసి పారినట్టు ఒక వంపు.

పక్కన రెండు వరసలు తెల్లరాళ్ళు, నడుమ ఎర్రరాళ్ళు, కింద వంపు. ఇట్లాంటిది ఈ భూమ్మీద ఎవరూ గీసి ఉండరు!

11 నవంబరు, శనివారం

మధ్యాహ్నం 2:10. బిళ్ళ తయారైంది. అచ్చు లేకుండా, మొత్తం నా చేతులతో. మూడు వేళ్ళు కాలాయి. నడిమి వరస అతికేటప్పుడు ఫరా తుమ్మడం వల్ల అది కాస్త ఎడమవైపు ఒరిగింది. అది కూడా స్టైలే.

నాయిన చూడనన్నాడు. "గడువు దాటినంక జూస్త" అని అటు తిరిగి కూర్చున్నాడు. సరే, ఫరాకు చూపించాను.

"అరె, మస్తుంది వాణీ! వికెట్ల లెక్కనే ఉంది. నడిమి వికెట్టు బౌల్డయినట్టు."

దీనికి క్రికెట్ తప్ప ఏమీ తెలియదు.

13 నవంబరు, సోమవారం

ఉదయం 10:30. భీమమ్మ వచ్చింది. కార్తీక సోమవారం ఉపవాసమట, నోట్లో మంచినీళ్ళు కూడా పోసుకోలేదట. నుదుటి నిండా మూడు అడ్డగీతల విభూతి. నేను బిళ్ళను ఎర్ర కాగితంలోంచి తీసి అరచేతిలో పెట్టాను. ఆమె చూసింది. తిప్పి చూసింది. నిలువుగా పట్టుకుని చూసింది.

"ఓ కురుమూర్తన్నా! ఏందే గిది? ఏటేటా శ్రీశైలం నడిచిపోయేటోళ్ళం మేము. ఇంటిల్లిపాది ఈబూతి పెట్టుకునేటోళ్ళం. నా బిడ్డ మెడల నామాలు గడ్తరా?"

"నామాలు కాదమ్మా, జూరాల గేట్లు" అన్నాను.

"గేట్లా? నాకేమన్న కండ్లు లేవనుకున్నవా? తెల్లగ రెండు, నడుమ ఎర్రగ ఒకటి! బంగారం దీస్కొని నాకే నామం పెడ్తివి గద బిడ్డా!"

నాయిన గడువు సంగతి మరిచిపోయి గబుక్కున బిళ్ళ లాక్కుని చూశాడు. నా ముఖం చూశాడు.

"నీకు తెల్వదా బిడ్డా?"

"కోర్సులో చెప్పలేదు" అన్నాను.

ఉదయం 11:15. ఆమెను శాంతపరచడానికి నాయిన అప్పటికప్పుడు పాత అచ్చు తీసి మామిడిపిందె కొట్టి ఇచ్చాడు. ఆమె ముఖం వెలిగిపోయింది.

"గిది గదా కొత్త మోడల్ అంటే! మా ఆడిబిడ్డ మెడల గూడ గిదే ఉన్నది."

ఈ వాక్యం కింద రెండుసార్లు గీత గీసుకున్నాను.

14 నవంబరు, మంగళవారం

బొమ్మ: గీయలేదు. కారణాలు: (అ) కాలిన వేళ్ళు. (ఆ) బాలల దినోత్సవం. (ఇ) ఏం గీసినా నామాల్లాగే కనిపిస్తోంది. కిటికీ ఊచలు కూడా.

15 నవంబరు, బుధవారం

నాయిన వనపర్తికి ఫోన్ చేశాడు. నేను వినడం లేదనుకుని, "మెషిన్ నడుపుడు దానికి నువ్వే నేర్పుతవా?" అన్నాడు మామతో. బిళ్ళ షోకేసులో ఓ మూలన ఉంది. రేపు కరగబెడతాడట. నాకు ఎవరితోనూ మాట్లాడాలని లేదు. నిజంగా ఏడుపొచ్చింది.

16 నవంబరు, గురువారం

ఉదయం 10:05. మల్దకల్ నుంచి జములమ్మ అనే ఆమె పట్టగొలుసు కొక్కెం బాగు చేయించుకోవడానికి వచ్చింది. కొక్కెం సంగతి చెబుతూ చెబుతూ షోకేసు వైపు చూసి ఆగిపోయింది.

"అమ్మో! మా తిమ్మప్పసామి!"

అద్దం తీయించి బిళ్ళను కళ్ళకద్దుకుంది. మల్దకల్‌లో వెంకటేశ్వరస్వామిని తిమ్మప్ప అనే పిలుస్తారు.

"ఎవ్వరు జేసిండ్రు?"

"నేనేనమ్మా."

"నీకెట్ల తట్టింది బిడ్డా గీ ఆలోచన?"

జూరాల అనబోయాను. వనపర్తి కళ్ళముందు కదిలింది. జిరాక్స్ మెషిన్ పచ్చటి వెలుగు కూడా.

"స్వామి కలలో కనిపించాడమ్మా."

నాయిన చేతిలోంచి ఊదుగొట్టం జారి కుంపట్లో పడింది.

ఉదయం 10:20. మెడలో వేసుకుంది! అక్కడికక్కడే! మెచ్చి మరీ వేసుకుంది! నేను వనపర్తి పోవడం లేదు! నాకు స్టైల్ ఉంది! (తిమ్మప్పా, క్షమించు.)

18 నవంబరు, శనివారం

జములమ్మ తన అక్కను, ఇద్దరు చెల్లెళ్ళను, తోడికోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. అందరూ బల్ల ముందు వరసగా కూర్చున్నారు.

"అచ్చం గిట్లనే గావాలె. వచ్చే పున్నానికి మా జాతర. గప్పటికల్ల అందాలె."

తీర్మానం నంబర్ రెండు గుర్తుంది. నమస్కారం పెట్టాను. బొమ్మల పుస్తకం తీసి జొన్న కంకి చూపించాను. ఐదుగురూ తలలు కలిపి చూశారు.

"కంకి చేన్ల ఉంటది గద బిడ్డా. మెడల ఎందుకు?" అంది అక్క.

పుస్తకం మూసేశాను. నాలుగు బిళ్ళలకు సరే అన్నాను. నా డిజైన్‌ని నేనే మళ్ళీ చేస్తే అది కాపీ కాదు. రెండోసారి ప్రేరణ.

20 నవంబరు, సోమవారం

ఆర్డర్లు నాలుగు కాదు, పంతొమ్మిది! చేత్తో చేస్తే రెండు రోజులకొకటి. లెక్కేస్తే జాతర అయిపోయి డిసెంబరు ఆఖరు దాకా పడుతుంది. నాయిన నా బిళ్ళను చూసి కంచులో అచ్చు చెక్కాడు. ఒరిగిన నడిమి గీత కూడా ఒరిగినట్టే దిగింది. సరిచేయమంటే, "జములమ్మది అట్లనే ఉన్నది గదా, అచ్చం గట్లనే అన్నరు" అన్నాడు.

గమనిక: అచ్చు ముట్టనని నేను రాసుకున్నది నాయిన పాత అచ్చుల గురించి. ఇది కొత్త అచ్చు.

22 నవంబరు, బుధవారం

బిళ్ళలు: ఆరు. బొమ్మ: లేదు. పెన్సిల్ కనబడలేదు.

23 నవంబరు, గురువారం

బిళ్ళలు: ఏడు. పెన్సిల్ చెవి వెనకే ఉంది. అయినా గీయలేదు.

24 నవంబరు, శుక్రవారం

బిళ్ళలు: ఆరు. మొత్తం అయిపోయాయి. కళ్ళు మూసుకున్నా చేయి దానంతటదే కొడుతోంది.

మధ్యాహ్నం 1:30. వెంకటన్న మామ ఫోన్. "ఏం బిడ్డా, ఒక్కటే బిళ్ళ పంతొమ్మిది తీసినవంట గదా! గా మెషిన్ నా తాన గూడ ఉండె గదనే!"

నవ్వి పెట్టేశాడు. నేను నవ్వలేదు. మామ మాట బాగా తగిలింది. జిరాక్స్ తప్పించుకోవడానికి నేనే జిరాక్స్ అయ్యాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కాబట్టి ఒక్కసారే రాస్తున్నాను.

26 నవంబరు, ఆదివారం. ఇరవై ఒకటో రోజు.

ఉదయం 11:40. ఫరా పరుగెత్తుకుంటూ వచ్చింది. "జల్ది రా వాణీ! మాసయ్య దుకాణంల నీ వికెట్లు!"

మాసయ్యది మా ఎదురు నగల దుకాణం. పోయి చూశాను. షోకేసులో వరసగా ఎనిమిది బిళ్ళలు. తెల్లరాళ్ళు, ఎర్రరాళ్ళు, కింద వంపు. నడిమి గీత ఎడమవైపు ఒరిగి ఉంది! వంకరతో సహా కొట్టేశాడు!

ముందు ఒళ్ళు మండింది. ఆ వెంటనే ఎగిరి గంతేయాలనిపించింది. నన్ను కాపీ కొట్టారు! స్టైల్ లేనివాళ్ళను ఎవరైనా కాపీ కొడతారా? ఫరాను కౌగలించుకున్నాను.

ఉదయం 11:50. నాయినకు చెప్పాను. సుత్తి పట్టుకునే రోడ్డు దాటాడు.

"మా బిడ్డ గీసింది ఎత్కపోతవా మాసయ్యా? దానికి మూడు వేళ్ళు గాలినయి! సిగ్గు లేదా?"

నా గురించి నాయిన ఇట్లా రోడ్డు మీద మాట్లాడతాడని కలలో కూడా అనుకోలేదు. ఛాతీ ఉప్పొంగింది. మాసయ్యకు మాత్రం చెమట కూడా పట్టలేదు.

"కురుమూర్తన్నా, ముప్పై ఏండ్ల సంది నువ్వు జేస్తున్నదేంది? వచ్చినోళ్ళ మెడల జూసి కొట్టుడే గదా. నేను గూడ గదే జేసిన."

నాయిన సుత్తి దించుకుని వెనక్కి వచ్చాడు. మధ్యాహ్నమంతా కుంపటి ముట్టించలేదు.

సాయంత్రం 5:30. "బిడ్డా, ఓ కాయితం ఇయ్యి" అన్నాడు.

పెన్సిల్ కూడా ఇచ్చాను. పరీక్షలో పక్కవాడికి కనబడకుండా రాసే పిల్లవాడిలా చేయి అడ్డం పెట్టుకుని ముప్పావుగంట గీశాడు. తర్వాత నా ముందుకు తోశాడు. ఒక వంకాయ. తొడిమతో సహా.

"నెమలి" అన్నాడు. "పనికి కూసున్న కొత్తల గిది జేద్దామనుకున్న. మా నాయిన ఒప్పుకోలే. అచ్చు ఉండంగ సొంత తెలివి ఎందుకురా అన్నడు."

అంటే ముప్పై ఏళ్ళుగా ఈ నెమలి ఆయన లోపలే ఉంది. మామిడిపిందెలు కొడుతూ దాన్ని మోసుకు తిరిగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వంకాయ సంగతి చెప్పలేదు. "తోక కాస్త పెద్దగా వేద్దాం నాయినా" అన్నాను.

27 నవంబరు, సోమవారం. మొదటి రోజు.

ఉదయం 6:30. మళ్ళీ ఇరవై ఒక్క రోజులు. ఈసారి ఇద్దరం. అచ్చు ముట్టం, కాపీ కొట్టం, రోజుకో బొమ్మ. నాయిన కింద సంతకం కూడా పెట్టాడు. ఈసారి తిరుగులేదు!

ఉదయం 9:50. మొదటి బేరం. ఉప్పునుంతల నుంచి ఇక్కడి చుట్టాలింటికి వచ్చిన ఓ పెద్దామె.

"ఎదురుంగ మాసయ్య తాన జూసిన, నామాల బిళ్ళ. ఆయన తాన అయిపోయినయంట. అచ్చం గట్లనే జెయ్యండ్రి. నడిమిది వంకర ఉండాలె, గదే ఫ్యాషనంట."

నాయిన చేతులు కట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. "గట్లాంటియి మా తాన చెయ్యం తల్లీ. కొత్తది చేస్తం. కూసో, బొమ్మ జూపిస్త." నా వైపు తిరిగాడు. "బిడ్డా, నా నెమలి తే."

నేను అప్పటికే అచ్చు మీద రేకు పరిచి రెండు దెబ్బలు వేసేశాను. నాయిన చూడకుండా దాని మీద చున్నీ కప్పి, నెమలి కాయితం కోసం లేచాను.