అటక మీద కిటికీ

2006 మే, శనివారం రాత్రి
మండవల్లి

ఈరోజు అటకకి తాటి దూలాలు ఎక్కించాం. వడ్రంగి ఏసురత్నం గారు ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని గోడల్లో కూర్చోబెట్టేసరికి మధ్యాహ్నం దాటిపోయింది.

కిందటి వానల్లో కొల్లేటి నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు సునీత పాపని భుజాన వేసుకుని రాత్రంతా మంచం మీదే నిలబడింది. నీళ్లు తీయగానే దెందులూరు పుట్టింటికి వెళ్లిపోయింది. "పాపని పొడిగా పడుకోబెట్టే చోటుంటేనే వస్తానండీ" అని వెళ్లేటప్పుడే చెప్పింది. ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

సాయంత్రం పాపతో సహా చెప్పాపెట్టకుండా వచ్చేసింది. పాపని నా చేతికిచ్చి, నిచ్చెనెక్కి, అప్పటికి సగమే పలకలు పరిచిన అటక మీద కూర్చుంది. ఉన్నట్టుండి లేచి గట్టిగా ఎగిరింది.

"కదల్లేదండీ!" అంది పైనుంచి.

"ధాన్యం బస్తాలు వేసినా కదలదమ్మా" అన్నారు ఏసురత్నం గారు.

తను నిచ్చెన దాకా వచ్చింది. దిగి వెళ్లిపోతుందేమో అనుకున్నాను. గోడ మీద చెయ్యి వేసి, "ఏవండీ, ఇక్కడ చిన్న కిటికీ పెట్టిద్దామా? ఈ ఉక్కకి పాప నిద్రపోదు" అంది.

వానలు దగ్గరికొచ్చేస్తున్నాయి. ఈసారి నీళ్లు ఎంత ఎత్తుకు లేస్తాయో ఎవరికి తెలుసు? ఆ బెంగ నన్ను వదల్లేదు. కానీ వాళ్లిద్దరూ ఇప్పుడు పక్కగదిలో నిద్రపోతున్నారు. పొద్దున్నే కిటికీ కోసం గోడ కొట్టాలి.