పడుకున్న మొహానికి కొలత

శ్రీవారికి,

మీ భార్య రాస్తున్నది. ఇక్కడ నేనూ, నా కుట్టు మిషన్లూ, మీరు నా ముక్కుకి తగిలించి వెళ్లిన ఆ ఇంకో మిషనూ అందరం క్షేమం. అక్కడ వంతెన పనిలో మీరూ క్షేమమేనని మీ ఉత్తరంలోని గొంతు వింటేనే తెలిసింది. ఒంట్లో బాగా లేని మనిషి అంత గట్టిగా తిట్టలేడు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోన్లో నేను ఒక మాట అనేలోపు మీరు నాలుగు అంటారు. కాగితం మీద నాకెవరూ అడ్డు రారు. కూర్చుని చివరిదాకా చదవండి. సగంలో ఆపి ఫోన్ చేశారో, ఎత్తను.

మీరు మూడు అడిగారు. మిషను రోజూ పెట్టుకుంటున్నావా అన్నారు. మాస్కులోంచి గాలి కారడం తగ్గిందా అన్నారు. మా అక్క నీకు క్షమాపణ చెప్పిందా, చెప్పేదాకా షాపు గడప తొక్కనివ్వకు అన్నారు. ఇదే వరసలో చెబుతాను. వరస మార్చి చదవకండి.

మొదటిది. పెట్టుకుంటున్నాను. మీరు చెప్పారని కాదు. మీరు చెప్పారు కాబట్టే మొదటి వారం పెట్టుకోలేదు. పోయిన ఏడాది మీ తమ్ముడి ఇంట్లో పదిమంది కూర్చున్నప్పుడు మీరు ఫోన్ తీసి నా గురక వినిపించారు, గుర్తుందా? ఒకరు లారీ అన్నారు, ఒకరు పిండిమర అన్నారు. మీ తమ్ముడు నేల మీద పడి దొర్లాడు. నేను వంటగదిలోకి వెళ్లి కడిగిన గ్లాసులే మళ్లీ కడిగాను. ఆరోజు నవ్వనిది మీ అక్క ఒక్కతే. "ఉండరా, మధ్యలో ఆగిపోతోందేమిటి? ఊపిరి తీసుకోవట్లేదు పిల్ల" అంది. ఆవిడ మాట ఎవరు విన్నారు? నేనూ వినలేదు. ఆడపడుచు కూడా నా గురక గురించే మాట్లాడుతోందని ఒళ్లు మండింది.

పోయిన నెల సెలవులకి వచ్చినప్పుడు ఊపిరి ఆగడం మీ అంతట మీరు చూశారు కాబట్టి ఆస్పత్రికి లాక్కెళ్లారు. ఒంటినిండా తీగలు అంటించి పడుకోబెట్టి, పొద్దున్నే డాక్టరు గంటకి నలభై ఒక్కసార్లు ఊపిరి ఆగుతోందన్నాడు. అప్పుడు ఆగింది మీ నవ్వు. సీప్యాప్ అన్నాడు, గొట్టం అన్నాడు, రాత్రంతా గాలి లోపలికి నెడుతుంది, గొంతు మూసుకుపోకుండా చూస్తుంది అన్నాడు. మీరు మిషను బల్ల మీద పెట్టి, తెల్లారి బండెక్కేశారు. పక్కనుండి ఒక్క రాత్రి చూడాలని మీకు తోచలేదు.

ఇక రెండోది, గాలి కారడం. దీని గురించి రాయాలంటే సిగ్గుగా ఉంది, ఎందుకంటే ఇందులో తప్పు మీది కాదు. మీదైతే ఎంత హాయిగా రాసేదాన్నో!

ఆస్పత్రిలో మాస్కులు ఇచ్చే ఆవిడ ఉంది చూడండి, పొట్టిగా, కళ్లద్దాలు నెత్తి మీద పెట్టుకుని, మాస్కులావిడ. ఆవిడ నాకు మూడు మాటలు చెప్పింది. మొహానికి రాత్రి క్రీములు రాయకు. మాస్కు అంచున ఉండే మెత్తటి కుషన్ రోజూ కడుగు. పట్టీలు పడుకున్నాకే, గాలి పెట్టుకునే సరిచేసుకో. నేను తల ఊపాను. మనసులో మాత్రం, ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఒళ్లు కొలిచి బతికేదాన్ని, నాకా పట్టీలు నేర్పేది అనుకున్నాను.

మొదటి వారం మొండికేసి, ఆ తర్వాత అద్దం ముందు నిలబడ్డాను. నిటారుగా, గడ్డం ఎత్తి, కస్టమర్లని ఎలా నిలబెడతానో అలా. మాస్కు ముక్కు మీద పెట్టుకుని పట్టీలు లాగి చూసుకుంటే వెంట్రుక వాసి తేడా లేకుండా కుదిరింది. ఆ వెల్క్రో జుట్టుకి చిక్కుకుని ప్రాణం తీస్తుంటే, ఇదేం కుట్టు, ఎవరు కుట్టారు దీన్ని అని తిట్టుకుని, మిగిలిన పట్టీ కత్తిరించి పారేసి, కుదిరిన చోటికి డబుల్ కుట్టు వేసేశాను. లోపలికి మెత్తగా ఉంటుందని అంచుకి గుడ్డ లైనింగ్ కూడా వేశాను. బట్టైతే మెచ్చుకునేవారు.

పడుకున్నానో లేదో మొదలైంది. బుగ్గ పక్కనుంచి గాలి బుస్సుమని కంట్లోకి కొట్టడం. ఇటు తిరిగితే అటు నుంచి, అటు తిరిగితే ఇటు నుంచి. ఈల వేసినట్టు చప్పుడు. వదులైందేమోనని మర్నాడు కుట్టు విప్పి ఇంకో అరంగుళం బిగించాను. ఇంకా ఎక్కువ కారింది. మళ్లీ బిగించాను. ముక్కు మీద చర్మం లేచిపోయి ఎర్రగా పుండైంది. పొద్దున్నే మిషను తెర మీద మాస్కు బొమ్మ పక్కన ఎర్రటి ఏడుపు మొహం కనిపించేది. పొద్దున్నే నన్ను చూసి మొహం మాడ్చుకునేది ఇదివరకు మీరొక్కరే. షాపుకొచ్చినవాళ్లు ముక్కుకేమైందని అడిగితే తలుపు తగిలిందన్నాను. మీరు ఊళ్లో లేకపోయినా అందరూ మిమ్మల్నే అనుమానించారు. నేనూ కాదనలేదు.

పదో రోజున మాస్కు తీసుకెళ్లి మాస్కులావిడ బల్ల మీద పడేశాను. "ఇది దొంగ సరుకు. కారుతోంది" అన్నాను. ఆవిడ దాన్ని తిప్పి చూసింది. కుట్లు చూసింది. లైనింగ్ చూసింది.

"ఏం పని చేస్తారమ్మా మీరు?"

"టైలర్ని."

"అదీ సంగతి! నిలబెట్టి కొలత తీసుకున్నారా?"

"మరి? కూర్చోబెట్టి తీస్తారా?"

"అమ్మా, ఈ బట్ట వేసుకుని మీరు నడుస్తారా? పడుకుంటే బుగ్గలు చెవుల వైపు జారతాయి. గడ్డం వెనక్కి పోతుంది. నిలబడ్డ మొహం ఒకటి, పడుకున్న మొహం ఒకటి. మీరు దీన్ని వేరే మనిషికి కుట్టారు."

ఇంత మాట నన్ను ఇంతవరకు ఏ కస్టమరూ అనలేదు. ఆవిడ నా లైనింగ్ పీకేసి, కొత్త పట్టీలు తెప్పించి, నన్ను అక్కడే మంచం మీద పడుకోబెట్టింది. గాలి పెట్టింది. అప్పుడు పట్టీలు బిగించలేదు, వదులు చేసింది! మాస్కుని మొహం మీంచి కాస్త పైకి లాగి వదిలితే, కుషన్ గాలి నింపుకుని తనంతట తనే కూర్చుంది. "బిగిస్తే ముడతలు పడుతుంది, ముడతల్లోంచి కారుతుంది. గుడ్డ సంగతి మీకు నేను చెప్పాలా?" అంది. నిజమే, చెప్పక్కర్లేదు. ఆ రాత్రి ఏడు గంటలు పడుకున్నాను. తెర మీద పచ్చ మొహం నవ్వింది. నాకు మాత్రం దాన్ని చూస్తే ఇప్పటికీ గిట్టదు.

ఇప్పటికి మూడు వారాలైంది. మధ్యాహ్నం మూడింటికి కళ్లు మూతలు పడడం లేదు. తల బరువు పోయింది. ఇదివరకు రోజంతా అన్నీ మసకగా ఉండేవి. చేసిన పని చేశానో, చేద్దామనుకున్నానో కూడా తెలిసేది కాదు. ఆ మసకలో కొన్ని దాచుకున్నాను. ఇప్పుడు దాచుకోవడానికి చోటు లేదు. అందుకే మూడోదానికి వస్తున్నాను.

మీ అక్క నాకు క్షమాపణ చెప్పలేదు. చెప్పదు. చెప్పాల్సింది ఆవిడ కాదు.

నేను మీకు చెప్పింది గుర్తుంది కదా. ప్లీడరమ్మ తెచ్చిన నల్లకోటు గుడ్డ మీద వదిన సుద్ద గీత తప్పు గీసిందనీ, నేను గీత చూసి కత్తిరించాననీ, భుజం దగ్గర నాలుగు వేళ్ల మేర గుడ్డ పాడైందనీ. ఆ గుడ్డ ప్లీడరమ్మకి వాళ్ల నాన్న కొనిచ్చింది. ఆయన ఇప్పుడు లేడు. షాపు మధ్యలో నిలబడి ఏడ్చింది. ఎవరు చేశారని అడిగితే నేను వదిన వైపు వేలు చూపించాను. పద్దెనిమిదేళ్లు నా పక్కన నిలబడి గీతలు గీసిన మనిషి, చేతిలో సుద్దబిళ్ళ బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఇది జరిగి మూడు నెలలు.

జరిగింది వేరు. వదిన గీత సరిగ్గానే గీసింది. గీసి, గుడ్డ రంగుకి కలిసే దారం తేవడానికి బజారుకెళ్లింది. నేను కత్తెర పట్టుకుని కత్తిరిస్తూ కత్తిరిస్తూ నిలబడే నిద్రపోయాను. ఉలిక్కిపడి చూసేసరికి కత్తెర గీత వదిలేసి భుజంలోకి పోయి ఉంది. అక్కడ ఆగి ఉంటే నేను జబ్బు మనిషిని, నన్నెవరూ ఏమీ అనలేరు. ఆగలేదు. బ్రష్ తీసుకుని వదిన గీత దులిపేశాను. సుద్దబిళ్ళ తీసుకుని, కత్తెర పోయిన దారి వెంబడే కొత్త గీత గీశాను. ఇక్కడ ఒక మాట కొట్టేసి ఉంది చూశారా? దాన్ని కొట్టేసింది నేను కాదు. ఎవరు కొట్టేశారో చెబుతాను.

కొత్త గీత గీశాను అన్నంతవరకు నిన్న రాశాను. ఇవాళ పొద్దున్నే ఈ కాగితాలు పట్టుకుని వదిన ఇంటికి వెళ్లాను. ఇప్పుడు ఆవిడ లాండ్రీకి చొక్కాలు ఇస్త్రీ చేసి పెడుతోంది. వాకిట్లో నేను నిలబడితే చూసింది గానీ, ఇస్త్రీ పెట్టె ఆపలేదు.

"వదినా, ఆ కోటు సంగతి..."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"ఆ గీత నాది కాదు. నేను సుద్ద అంచు బ్లేడుతో చెక్కి గీస్తాను, సన్నగా వస్తుంది. ఆ గుడ్డ మీద ఉన్నది వేలంత లావు. నీ చెయ్యి."

"ఆరోజే అనొచ్చుగా మరి!" అని గట్టిగానే అరిచాను. నేనే తప్పు చేసి నేనే అరిచాను, నా బుద్ధి మీకు తెలిసిందే.

"అని? ప్లీడరమ్మ ముందు ఇద్దరం జుట్లు పట్టుకోవాలా? నువ్వే చెబుతావని రెండ్రోజులు చూశాను. ఆ తర్వాత వారం చూశాను. తర్వాత తమ్ముడి ఉత్తరం వచ్చింది. ఇక చూడ్డం మానేశాను."

అటక మీంచి మీ ఉత్తరం తీసి నా చేతిలో పెట్టింది. చదివాను. "నీ చేతగానితనంతో మా షాపు పరువు తీశావు, ఇక మా గుమ్మం వైపు రావద్దు" అని రాశారు. మా షాపు అట! మీరు ఆ షాపులో ఏనాడైనా ఒక్క బొత్తాం కుట్టారా?

నేను రాసింది ఇచ్చి చదవమన్నాను. పెట్టె పక్కన పెట్టి, కళ్లకి దగ్గరగా పట్టుకుని మెల్లగా చదివింది. నా ముక్కు సంగతి దగ్గర కూడా నవ్వలేదు. ఆ చోటికొచ్చాక కలం అడిగింది. "ఆ నిద్రమత్తులోనే కొత్త గీత గీశాను" అని రాశాను నేను. నిద్రమత్తు అన్న మాటని నాలుగు గీతలు పెట్టి కొట్టేసింది.

"కత్తెర నిద్రలో నడిచింది. ఒప్పుకుంటా. నీకు ఊపిరి ఆగుతోందని అందరికంటే ముందు అన్నది నేనే. కత్తెర జారిందంటే నీ తరఫున నేనే చెప్పేదాన్ని, ఆ ప్లీడరమ్మ కాళ్లు నేనే పట్టుకునేదాన్ని. కానీ గీత గీసినప్పుడు నువ్వు మేలుకునే ఉన్నావు మరదలా."

నేను ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. షాపుకి రమ్మని అడిగాను. రానంది. ఎప్పటికైనా వస్తావా అంటే ఆ సంగతి తనకే తెలియదంది. ప్లీడరమ్మకి చెప్పావా అని అడిగింది. లేదన్నాను. "నువ్వు నన్ను వేలెత్తి చూపించింది ఆవిడ ముందు. నా ఇంట్లో తలుపు వేసుకుని ఒప్పుకుంటే నాకేం ఒరిగింది?" అని పెట్టె మళ్లీ అందుకుంది. పోస్టాఫీసు అవతల వీధిలోనే కోర్టు. ఉత్తరం వేసి అటే వెళుతున్నాను. గేటు దగ్గర పదిమంది ప్లీడర్లుంటారు. ఉండనివ్వండి, అందరి ముందే చెబుతాను.

ఈ ఉత్తరం చదివి మీకు నా మీద ఎంత కోపమొస్తుందో నాకు తెలుసు. రానివ్వండి. అది నాకు తగిందే. కానీ ఒక్క మాట అడుగుతాను. అబద్ధం చెప్పింది నేను. ఒక్క కంచంలో తిని పెరిగిన అక్కని, "ఏం జరిగిందక్కా?" అని ఒక్క ముక్క అడగకుండా గుమ్మం ఎక్కొద్దని రాసింది మీరు. అప్పుడు మీకు నిద్రమత్తు లేదు.

నాకు జవాబు రాయకండి. ఆవిడకి రాయండి. ఆ మొదటి ఉత్తరం ఆవిడ చింపలేదు, మడత పెట్టి దాచింది. రెండోది వచ్చేదాకా మళ్లీ మళ్లీ చదువుకునేది అదే.

ఇట్లు,
మీ అక్క గీసిన గీత చెరిపేసిన
మీ భార్య