అడ్డు ప్రశ్నలు

అమ్మా కోడలా, మేమిద్దరం కులాసా. నలుగురిలో నీ కూతురికి నోరు పెగలదని నన్ను తోడు పంపావు, ఇక ఆ బెంగ మానెయ్.

నిన్న యూనివర్సిటీ లెక్కల డిపార్టుమెంటులో దాని సెమినార్ జరిగింది. బోర్డు మీద సగం రాసిందో లేదో, ముందు వరసలో ఒక తెల్లజుట్టాయన అడ్డుపడి ప్రశ్న వేశాడు. వెంటనే ఇంకొకాయన. పిల్ల రాయడం ఆపేసింది. నాకు ఒళ్ళు మండి లేచాను.

"ఏమయ్యా, పిల్లను పూర్తిగా చెప్పనివ్వరా? అందరూ మీద పడతారేం?" అన్నాను.

గదంతా నవ్వింది. తెల్లజుట్టాయన మాత్రం నవ్వలేదు.

"పెద్దాయనా, చెప్పేదాంట్లో ఏమీ లేకపోతే ఈపాటికి కునుకు తీసేవాళ్ళం. ఇన్ని అడుగుతున్నామంటే మీ మనవరాలి మాటలో సరుకుందన్నమాట" అని, తనే వెళ్ళి దానికి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఆయనే అక్కడ అందరికీ పెద్దట. అది తాగి, అందరికీ జవాబు చెప్పింది. తెలియనిది తెలియదనే చెప్పింది. ఆయన మేలు మరువను.

నా కళ్ళజోడు బాగు చేయించారా? ఈ కార్డు మీ అత్తయ్యకు చదివి వినిపించు. మధ్యలో అడ్డొచ్చి వంద ప్రశ్నలు వేస్తుంది, విసుక్కోకు. నా రాతలో సరుకుందని అర్థం.

చల్లగా ఉండు తల్లీ.

మీ మామయ్య