మన ప్రీసింక్ట్‌లో రెండు ఓట్లు

మురళీ,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నేను మళ్ళీ టెక్సస్ సుప్రీంకోర్టు జడ్జి పదవికి జరిగే ఎన్నికల్లో నిలబడ్డాను. అదే చిన్న పార్టీ. గెలవనని తెలిసిన అదే పోటీ.

పోయినసారి మన వీధులవాళ్ళంతా ఓటేసే ప్రీసింక్ట్‌లో నాకు రెండే ఓట్లొచ్చాయి, గుర్తుందా? కౌంటీ వెబ్‌సైట్‌లో ఆ అంకె చూసి నేను ఏడవబోతుంటే, "ఒకటి నీది, ఒకటి నాది. ఊరంతా ఒకవైపు, మనిద్దరం ఒకవైపు," అన్నావు. నీ చొక్కాకి అంటించుకున్న 'నేను ఓటేశాను' స్టిక్కర్‌ని ఆ రోజే నా లా పుస్తకం అట్టమీద పెట్టుకున్నాను.

ఇవాళ పొద్దున పక్కింటి పద్మక్క వాళ్ళ పెరట్లో కాసిన బీరకాయలు తెచ్చింది. వాకిట్లో పాతిన నా యార్డ్ సైన్, అదే నా పేరున్న ప్రచారం బోర్డు, చూసి గొంతు తగ్గించింది.

"పోయినసారి నీకే వేశా వాణీ. మా ఆయనకి మాత్రం చెప్పకు, ఓటు వేస్ట్ చేశానని క్లాస్ పీకుతారు. ఈసారి కూడా నీకే."

థాంక్స్ చెప్పి, బీరకాయలు సింక్‌లో వేసి, అక్కడే నిలబడిపోయాను. రెండింటిలో ఒకటి నాది. రెండోది పద్మక్కది.

నీ ఓటు నీ ఇష్టం. ఆ హక్కు కోసం ఏ కోర్టులోనైనా వాదిస్తాను. కానీ పద్మక్క ఓటుని నీదని ఎందుకు చెప్పుకున్నావు?

స్టిక్కర్‌ని గోటితో గీకాను. సగమే ఊడింది.

ఈసారీ రెండే వస్తాయేమో. అవి ఎవరివో మాత్రం నాకు తెలుసు.

వాణి